మూతగవి వారి పెద్దవాడు

మూతగవి సుంకన్న పెద్దదినం నాడు ఇంటి ముందు పందిరి మీద కప్పడానికి పచ్చి ఆకు దొరకలేదు. వరసగా మూడో ఏడు వాన ముఖం చాటేసింది. చేలు బీటలు వారాయి. ఊరి బయట సర్కారు పెట్టిన గంజికేంద్రం ముందు జనం పొద్దు పొడవక ముందే కుండలు వరస పెడుతున్నారు. సుంకన్న జ్వరంతో పోయాడని కొడుకు మద్దిలేటి అందరికీ చెప్పాడు. తన గంజి మనవళ్లకు పోసి ముసలాయన పస్తులతో పోయాడని ఇంట్లోవాళ్లకు తెలుసు.

ఆ రోజు హుసేనప్ప వచ్చాడు. కాపుల ఇళ్లకు తిరిగి వాళ్ల వంశావళి చెప్పి బతికే కుటుంబం అతనిది. మగబిడ్డ పుడితే నీ పేరే పెట్టుకుంటానని తల్లి ఒక దర్గాలో మొక్కుకుంది, అందుకని ఆ పేరు వచ్చింది. అరవై దాటినా గొంతు బిగువు తగ్గలేదు. కంచుగంట ఒకసారి మోగించి, గోత్రం చెప్పి, మూతగవి ఇంటిపేరు చెప్పి, తరాలు అందుకున్నాడు.

"మద్దిలేటి కొడుకు చిన్న సుంకన్న! చిన్న సుంకన్న కొడుకు మద్దిలేటి! మద్దిలేటి కొడుకు సుంకన్న! సుంకన్న కొడుకు మద్దిలేటి! మద్దిలేటి కొడుకు సుంకన్న, మొన్న మనల్ని ఇడిసి పైకి పోయిన పెద్దాయన!"

ఆ ఇంటి ఆచారం ఒకటే. తాత పేరు మొదటి మనవడికి. అందువల్ల తరతరానికీ ఆ రెండు పేర్లే మార్చి మార్చి వస్తున్నాయి. వినేవాళ్లకు కొత్తేమీ లేదు. కానీ గడపలో కూర్చున్న సాలమ్మ తలెత్తింది.

సాలమ్మ మద్దిలేటి చెల్లెలు. అతని తరువాత వరసగా ఆడపిల్లలే పుట్టుకొస్తే, ఇంక సాలు తల్లీ అని దేవతకు చెప్పుకుని చివరి పిల్లకు ఆ పేరు పెట్టారు. మొగుడు పోయాక పుట్టింటికే వచ్చి, అన్న సేద్యంలో సగం పని తనే చేస్తోంది.

"తాతా, ఆగు," అంది. "అందరూ వట్టి సుంకన్నలే. ఆయనొక్కడే చిన్న సుంకన్న ఎందుకైనాడు?"

హుసేనప్ప గంట పట్టుకున్న చెయ్యి కిందికి దిగింది.

ఆ సీమలో అది చిన్న ప్రశ్న కాదు. అన్నదమ్ములిద్దరికీ ఒకే పేరు పెట్టినప్పుడే పెద్ద, చిన్న అని చేరుస్తారు. ఎదురింట్లోనే పెద్ద ఓబులేసు, చిన్న ఓబులేసు ఉన్నారు. చిన్నవాడున్నాడంటే పెద్దవాడు ఉండి తీరాలి.

"సచ్చిపోయింటాడులేమ్మా, చిన్నప్పుడే," అన్నాడు హుసేనప్ప.

"సచ్చిపోయినోళ్లను గూడ చెప్తావు గదా నువ్వు. పాముకాటుకు పోయినోళ్లను చెప్తావు, బావిలో పడినోళ్లను చెప్తావు."

హుసేనప్ప గంట సంచిలో పెట్టుకున్నాడు. జనం వెళ్లిపోయాక, ఇంటి వెనక ఎద్దుల్ని కట్టేసే గాటిపాట దగ్గర, మద్దిలేటి అతని భుజం పట్టుకున్నాడు. పక్కన చిన్నాయన కొడుకు ఈరన్న కూడా ఉన్నాడు. నాపరాయి గనిలో రాళ్లు పగలగొట్టే ఆ కుర్రాడికి నవ్వకుండా మాట రాదు. ఆవేళ అతనూ నవ్వలేదు.

"సెప్పు తాతా. మా ఇంటోని పేరు మాకు దాస్తే ఎట్ల?"

హుసేనప్ప వాకిలి వైపు ఒకసారి చూసుకున్నాడు. "మా పెద్దలకు చిన్న సుంకన్న చేను రాసిచ్చినాడు నాయనా. ఆ పేరు ఇంగ పాడొద్దని. అప్పటి నుంచి నలుగురిలో పాడం. కొడుకులకు మాత్రం నేర్పుకుంటాం." గొంతు బాగా తగ్గించి, రాగం లేకుండా చెప్పాడు:

"గవి లోపల పెద్ద సుంకన్న కాపు. గవి వాకిట చిన్న సుంకన్న మూత. పాళెగాని సొమ్ము కొండ కడుపున. పాలగిరి పేరు పోయె, మూతగవి పేరు నిలిచె."

పాలగిరి అనే పాత ఇంటిపేరు తమకుండేదని మద్దిలేటికి అప్పుడే తెలిసింది. మూతగవి అనేది పూర్వం తాము వదిలి వచ్చిన ఊరని అతను నమ్మేవాడు. ఆ పేరుతో ఊరెక్కడా లేకపోతే పాడుబడి పోయిందనుకున్నాడు. అది ఊరు కాదు. మూసేసిన గవి, కొండ గుహ. లోపల పాళెగాడి సొమ్ము!

"ఏ కొండో అది తెలీదు," అన్నాడు హుసేనప్ప.

"నాకు తెలుసు," అంది సాలమ్మ. "కట్టెలకు యాడికన్నా పో, తలారికొండకు మాత్రం పోవద్దని నాయనను కన్న జేజి మమ్మల్ని కొట్టి చెప్తాండె. మన ఇంటోళ్లు ఆ కొండ దిక్కు ఆవుల్ని గూడ తోలరు. ఎందుకని అడిగితే ఆమెకూ తెలీదు."

మద్దిలేటి గాటిపాట వైపు చూశాడు. ఎద్దుల డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. సంతకు తోలడానికి ఒప్పుకున్నాడు ఆ ఉదయమే. ఎద్దులు పోతే సేద్యం లేదు. సేద్యం లేకపోతే ఊరు విడిచి కూలికి పోవడమే.

"రేపే పోదాం," అన్నాడు.

* * *

నలుగురూ మొదటి కోడి కూతకు బయలుదేరి, ఎండ ఎక్కేసరికి అడవిలో పడ్డారు. గడ్డపారలు, సమ్మెట, కొడవలి, మోకులు, గోనెసంచి, కంబళి, కానుగనూనె కాగడాలు, రెండు తిత్తుల నీళ్లు. హుసేనప్పను రావద్దన్నా వినలేదు. ఆ పాట నిజమో కాదో చూడకుండా చావలేనన్నాడు.

అడవి అని పేరే గాని ఆకన్నది లేదు. సండ్ర చెట్లు, తపసి చెట్లు ఎముకల్లా నిలబడి ఉన్నాయి. కాలి కింద ఎండుటాకు పెళపెళమంటుంటే వాళ్ల చప్పుడే వాళ్లకు భయం పుట్టించింది. వాగు పొడవునా ఇసుక తవ్వి వదిలేసిన గుంటలు. దాహం పట్టిన మృగాల పని అది. ఒక మలుపు తిరగ్గానే నల్లటి ముద్ద ఒకటి ఇసుకలోంచి లేచింది. ఎలుగుబంటి! మూతి నిండా తడి ఇసుక. దొరక్క దొరక్క దొరికిన చెమ్మ దగ్గర మనుషుల్ని చూసేసరికి వెనక్కాళ్ల మీద లేచి అరిచింది.

"కదలొద్దండి!" అని కేకేశాడు ఈరన్న. గడ్డపారను బండ మీద పెట్టి సమ్మెటతో మోదాడు. ఖంగున మోగింది. మళ్లీ మోదాడు, మళ్లీ మోదాడు. లోయంతా మారుమోగింది. ఎలుగు నాలుగడుగులు ముందుకు ఉరికి, చటుక్కున ఆగి, పక్కకు తిరిగి పొదల్లో పడి పోయింది.

ఈరన్న సమ్మెట భుజాన వేసుకుని నవ్వాడు. "సూడక్కా, హుసేనప్ప గంట కన్నా నాదే బాగా మోగింది."

తలారికొండ పడమటి ముఖాన బొమ్మజెముడు మనిషెత్తు పెరిగి ఉంది. దాన్ని నరుక్కుంటూ, చేతులు గీరుకుపోతూ పైకెక్కారు. అంతటా నిలువు బండలే. ఎక్కడా గవి ఆనవాలు లేదు. మద్దిలేటి తిట్టుకుంటూ ముందుకు పోబోతుంటే ఈరన్న ఒక బండను అరచేత్తో తడిమి ఆగిపోయాడు.

"అన్నా, ఇది కొండ గాదు. ఈ రాతి మీద ఉలి దెబ్బలుండాయి. గోడ ఇది. గచ్చు పోసి కట్టినారు."

గడ్డపారలు లేచాయి. గచ్చు ఇనుములా ఉంది. దెబ్బకు నిప్పురవ్వలు తప్ప రాయి కదలడం లేదు. ఒకరి తరువాత ఒకరు మోదారు. చొక్కాలు విప్పేశారు. అరచేతులు చిట్లాయి. ఇంత గోడ ఎందుకు కట్టారని హుసేనప్ప పైకే అనుకున్నాడు. సొమ్ము దాచడానికి రాళ్లు అడ్డం పేర్చి మన్ను పూస్తే చాలు. ఇది కోట గోడకు తీసిపోని మందం.

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఒక రాయి వదులైంది. మద్దిలేటి, ఈరన్న చెరో పక్క గడ్డపార దూర్చి పెగిలించారు. రాయి దొర్లింది. దాని వెంట, లోపలి నుంచి, మరొకటి దొర్లి వచ్చి సాలమ్మ కాళ్ల దగ్గర ఆగింది.

అది మనిషి పుర్రె.

ఈరన్న రెండడుగులు వెనక్కి వేసి చెట్టు పట్టుకున్నాడు. సాలమ్మ తన పైట చెంగుతో దాన్ని ఎత్తి, ఎండ తగలని చోట పెట్టింది.

"రాళ్లు మెల్లిగా తియ్యండి," అంది.

మనిషి దూరేంత సందు చేసి కాగడా లోపలికి పెట్టి చూశారు. మంట ఒకసారి కుంగి, మళ్లీ నిలబడింది. గాలి ఉంది. ఆ వెలుగులో లోపలి సంగతి కనిపించింది. గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి ఎముకలు. ఒళ్లో విరిగిన బాకు. సగానికి అరిగిపోయి ఉంది. గోడ లోపలి ముఖాన, రొమ్ము ఎత్తులో, గచ్చు మీద గీతలే గీతలు. చేయి పట్టేంత గుంట పడింది. అతని వెనక మూరెడు దూరంలో మరో గోడ ఉండేది. పలుచటిది, గచ్చు లేనిది. దాని రాళ్లు ఇటువైపే పడి ఉన్నాయి.

ఈరన్న రాతి పని తెలిసినవాడు. పడిన రాళ్లను తడిమి చూసి చెప్పాడు. "లోపలి గోడ లోపలినుంచే తోసినారు. అది సులువుగా పడింది. పడినాక ఈయన బయటికి వచ్చినాడు. వస్తే ఎదురుగా ఈ రెండోది ఉండాది."

"అంటే?" అన్నాడు మద్దిలేటి.

"పలుచటి గోడ ఒప్పందం మీద కట్టింది అన్నా. తోస్తే పడేటట్ల కట్టినారు. మందపుది ఈయనకు తెలీకుండ, బయటినుంచి కట్టింది."

హుసేనప్ప నేల మీద కూలబడ్డాడు. "గవి వాకిట చిన్న సుంకన్న మూత," అన్నాడు. తాను చిన్నప్పటి నుంచి నేర్చిన మాటలకు అర్థం ఇప్పుడు తెలిసింది. "సిపాయిలు పాళెగాని మీద పడినప్పుడు సొమ్మంతా ఈడ పెట్టినారు. అన్నను లోపల కాపు పెట్టినారు. గొడవ అణిగినాక తమ్ముడు వచ్చి తియ్యల్లని మాట. తియ్యలే."

"పాండి, వాపస్ పోదాం," అంది సాలమ్మ.

మద్దిలేటి చెల్లెలి వైపు చూడలేదు. "సచ్చినోడు ఎట్లా సచ్చినాడు. ఇంటికాడ మన పిల్లోళ్లు బతకల్ల గదా," అని కాగడా అందుకుని లోపలికి దూరాడు.

* * *

గోడల వెనక గవి సన్నబడి, కిందికి వంగి ఉంది. మోకాళ్ల మీద పాకుతూ పోవాలి. కొంత దూరం పోయాక నేల మీద అడ్డంగా ఒక బిలం నోరు తెరిచి ఉంది. దాని మీద ఎవరో ఒక నాపబండ పరిచారు. ఈరన్న రాయి విసిరాడు. అది కొట్టుకుంటూ పోయి ఎక్కడో ఆగింది. బండ మీద ఒక్కొక్కరే దాటారు. తరువాత ఇంకా ఇరుకు. పొట్ట మీద పాకారు. గబ్బిలాల కంపు ఊపిరి ఆడనివ్వలేదు.

ఆ ఇరుకు దాటి తల ఎత్తితే పెద్ద చావడి లాంటి గుహ. కప్పు ఎక్కడో పైన ఉంది. దానిలో ఒక చీలిక, ఆ చీలికలోంచి సన్నటి పగటి వెలుగు. మనిషన్నవాడు అందుకోలేని ఎత్తు.

సొమ్ము కన్నా ముందు కాపురం కనిపించింది. తిరగలి. బోర్లించిన కుండలు. పొయ్యిరాళ్లు, వాటి వెనక మసి బారిన గోడ. కప్పు మీదినుంచి నీటిబొట్టు పడే చోట పెట్టిన రాతితొట్టి. గోడ వారగా ఒక ఆడమనిషి ఎముకలు, చేతి ఎముక మీద వెండి కడియాలు. ఆమె ఒడిలో చిన్న పుర్రె. చిన్న కాలి గజ్జెలు. నడుము చోట వెండి మొలతాడు.

"పెండ్లాన్ని, బిడ్డను గూడ తీసుకొచ్చుకున్నాడే," అన్నాడు హుసేనప్ప. "ఊర్లో పెట్టిపోతే సిపాయిలు పట్టుకుంటారని వచ్చింటారు."

ఎదుటి మూలలో మద్దిలేటి పెద్దగా కేక పెట్టాడు. రాగి కొప్పెరలు! మూతలు చిలుము పట్టి అతుక్కుపోయి ఉన్నాయి. సమ్మెటతో కొట్టి తెరిచారు. వరహాలు, కాసులపేర్లు, వడ్డాణాలు. కాగడా వెలుగు వాటి మీద పడి గుహ కప్పు మీద పసుపు మరకలు ఆడాయి. ఈరన్న రెండు చేతులా ముంచి ఎత్తి ముఖానికి రాసుకున్నాడు. నవ్వుతున్నాడు, ఏడుస్తున్నాడు. మద్దిలేటి గోనెసంచి నోరు తెరిచి పిడికిళ్లతో పోస్తున్నాడు.

సాలమ్మ అక్కడికి వెళ్లలేదు. ఎముకల ముందు చతికిలబడి మొలతాడు వేలితో తాకింది.

"అన్నా, ఇట్రా."

"వచ్చే పని జూడు, సాలమ్మా! ఆ సంచి పట్టు!"

"మగబిడ్డ. వీళ్లకు మొదటి బిడ్డేమో."

"అయితే ఏమి?"

"పెద్ద సుంకన్నకు నాయన మద్దిలేటి. తాత పేరు మొదటి మనవడికి. అన్నా, ఈ పిల్లోని పేరేందో నీకు నేను చెప్పల్నా?"

మద్దిలేటి పిడికిట్లో వరహాలు అలాగే ఉండిపోయాయి. హుసేనప్ప తల వంచుకున్నాడు. పాటలో లేని ఆ పేరు ఇక ఎవరూ దాచలేరు. ఆచారం తప్పని ఇల్లు. వంశంలో మొదటి మగబిడ్డకు మరో పేరు ఉండదు. మద్దిలేటి నిదానంగా లేచి వచ్చి నిలబడ్డాడు. తన పిడికిలంత పుర్రె. తన పేరు.

"మద్దిలేటి," అన్నాడు.

"మనం చిన్నోని వంశమోళ్లం," అంది సాలమ్మ. "ఈ పిల్లోడు బతికింటే ఇంటి పెద్ద వీడే. వాని నోరు మూసి ఆ పేరు మళ్లా కొడుక్కు పెట్టుకున్నాడు చిన్న సుంకన్న. అదే నీదాకా వచ్చింది."

అప్పుడు గుహ కప్పు మీది వెలుగు ఆరిపోయింది.

మేఘం కమ్మిందని వాళ్లకు వెంటనే తోచలేదు. మూడేళ్లుగా మేఘం చూసినవాళ్లు కారు. పైన ఎక్కడో దొర్లుతున్న చప్పుడు విని ఈరన్న కొండచరియ అనుకున్నాడు. మరుక్షణం చీలికలోంచి నీటి ధార పడి పొయ్యిరాళ్ల మీద పేలింది.

"వాన!" అని అరిచాడు హుసేనప్ప. అతని ముఖం ఒక్క క్షణం వెలిగి, వెంటనే పాలిపోయింది. ఎండి గట్టిపడిన కొండ చుక్క నీరు తాగదు. వాలు మీది నీరంతా ఆ చీలికలోకే పారుతుంది. ధార స్తంభంలా లావెక్కింది. మట్టి, రాళ్లు, ఎండు కొమ్మలు దాని వెంట వచ్చి పడుతున్నాయి. నీళ్లు చూస్తుండగానే చీలమండలు దాటాయి. పోయే దారి ఒక్కటే, వాళ్లు వచ్చిన ఇరుకు.

"బయటికి! ఉరకండి!" అన్నాడు మద్దిలేటి.

హుసేనప్పను ముందు తోశారు. ఆయన వెనక సాలమ్మ. కాగడా ఆరిపోయింది. చీకట్లో ముక్కు మాత్రం నీళ్లపైన పెట్టుకుని, చేతులతో గోడ తడుముకుంటూ పాకారు. వెనక మద్దిలేటి సంచి ఈడ్చుకొస్తున్నాడు. అది ఇరుకులో తట్టుకుని కదలలేదు. ఊపిరి తిప్పుకునే వ్యవధి లేదు. తిట్టుకుంటూ దాన్ని వదిలేశాడు.

"ఈరన్నా! వస్తాండావా?"

"వస్తాండా! ఒక్క మూట!" గొంతు ఇంకా గుహలోంచే వినిపించింది.

"మూట వద్దురా! రారా!"

వాకిట్లోంచి వచ్చే మసక వెలుతురులో బిలం కనిపించింది. బండ ఇంకా ఉంది, కానీ నీళ్లు దాని మీదినుంచి ఉరికి బిలంలో పడుతున్నాయి. హుసేనప్ప దాటాడు. సాలమ్మ దాటి, మోకు ఒక కొస రాతి కొమ్ముకు చుట్టి రెండో కొస అన్నకు విసిరింది. మద్దిలేటి దాటాడు. అతని కాలి కింద బండ కదిలింది. వెనక్కి తిరిగి చెయ్యి చాచాడు.

ఈరన్న వచ్చాడు. పంచె విప్పి వరహాలు పోసి నడుముకు బిగించి కట్టుకున్నాడు. బరువుకు వంగి నడుస్తున్నాడు. బండ మీద కాలు పెట్టగానే అది ఒరిగింది. బండా, మనిషీ కలిసి కిందికి జారారు. మద్దిలేటి బోర్లా పడి అతని మణికట్టు దొరకబుచ్చుకున్నాడు. సాలమ్మ అన్న కాళ్ల మీద పడి నొక్కి పట్టింది.

"మూట ఇప్పు! ఈరన్నా, ఇప్పు!"

"ముడి తడిసింది! ఊడ్డం లేదన్నా!"

నీళ్లు అతని తల మీదుగా పారుతున్నాయి. ఒక చేత్తో నడుము దగ్గర పీకుతున్నాడు. తడిసిన గుడ్డ ముడి రాయిలా బిగుసుకుంది. మద్దిలేటి భుజం కీలు పటుక్కుమంది. అయినా వదలలేదు. పళ్లు కొరుక్కుని లాగాడు. ఒక మనిషి బరువైతే లాగేసేవాడు.

"అన్నా, ఇడిసిపెట్టొద్దు! అన్నా!"

"ఇడవను రా! ఇడవను!"

ఇద్దరి చేతులూ తడి. వేళ్ల మధ్య బురద. మణికట్టు జారి అరచేయి అయింది. అరచేయి జారి వేళ్లయ్యాయి. తరువాత మద్దిలేటి చేతిలో నీళ్లు తప్ప ఏమీ లేవు.

* * *

ఆ సాయంత్రమంతా, ఆ రాత్రంతా వాన కురిసింది. చుట్టూ అడవి వాగులై పారింది. ఊళ్లో జనం ఆ వానలో నిలబడి ఎలా ఏడ్చారో, ఎలా నవ్వారో ఆ ముగ్గురూ చూడలేదు. గవి ముందరి బండ కింద ముడుచుకుని, లోపలినుంచి వచ్చే హోరు వింటూ కూర్చున్నారు. మద్దిలేటి మధ్యమధ్య లేచి వాకిట్లోకి పోయి పేరు పెట్టి పిలిచి వస్తున్నాడు.

తెల్లవారేసరికి నీరు తీసింది. భుజం కట్టుకట్టించుకుని మద్దిలేటే మోకు పట్టి బిలంలోకి దిగాడు. ఈరన్న అట్టడుగున, రాళ్ల సందులో, వెల్లకిలా ఉన్నాడు. మూట ఇంకా నడుముకే ఉంది. ఎముకలాంటి ఆ ముడిని మద్దిలేటి కొడవలితో కోశాడు. వరహాలు గలగలమని రాతి పగుళ్లలోకి జారిపోయాయి. వాటి వైపు చూడకుండా తమ్ముడి చంకల కింద మోకు బిగించి, "లాగండి," అన్నాడు.

తరువాత బిలం మీద గడ్డపారలు అడ్డం వేసి దాటి మళ్లీ లోపలికి వెళ్లారు, ఆ తల్లీబిడ్డల ఎముకలు తేవడానికి. వరద కొప్పెరల్ని తలకిందులు చేసింది. దారి పొడవునా బురదలో వరహాలు మెరుస్తున్నాయి. హుసేనప్ప ఒకటి ఏరి, అరచేతిలో కాసేపు చూసి, మళ్లీ బురదలో పెట్టి అరచేతిని కొండగోడకు తుడుచుకున్నాడు. మిగతా ఇద్దరూ వంగలేదు. తల్లి ఎముకలు, బిడ్డ ఎముకలు వరద కలిపేసింది. వేరు చేయడానికి సాలమ్మ ప్రయత్నించలేదు. కంబళి పరిచి ఒకటిగానే మూట కట్టింది. వాకిట గోడ దగ్గరి పెద్ద సుంకన్నవి ఇంకో మూట.

బయటికి వచ్చాక హుసేనప్ప, "గవికి రాళ్లు అడ్డం పెడదామా నాయనా? ఎవరన్నా వస్తే," అన్నాడు.

"పెట్టేది లేదు," అన్నాడు మద్దిలేటి. "మూసింది చాలు."

ఊళ్లోకి శవం వచ్చేసరికి దున్నడానికి నాగళ్లు సవరించుకుంటున్న మగవాళ్లంతా ఆగిపోయారు. ఈరన్న పెండ్లాం నాగరత్న ఏడవలేదు. పిల్లవాణ్ణి చంకన వేసుకుని మద్దిలేటి ఎదుటికి వచ్చి నిలబడింది.

"మా ఆయప్పను ఎందుకు తీసుకపోయినావు బావా?"

మద్దిలేటి ఆమె కాళ్లకు దండం పెట్టి, అక్కడ చేరిన కులపెద్దల ముందర చెప్పాడు. "చేన్లో ఈరన్న పాలు ఈరన్న కొడుకుది. వాడు పెద్దోడయ్యేదాకా నా ఎద్దులతో నేనే దున్నుతా. పంట వీళ్ల గాదెలో పోస్తా. నా గట్టు ఒక్క సాలు గూడ అటు జరగదు. జరిగితే నన్ను అడగండి, నా కొడుకును అడగండి."

బొందలగడ్డలో ఈరన్నను పూడ్చారు. ఆ పక్కనే ఇంకో గుంత తవ్వి రెండు మూటలూ దించారు. ఊళ్లోవాళ్లు ఎవరివని అడిగారు. మద్దిలేటి హుసేనప్ప వైపు తిరిగాడు.

"సెప్పు తాతా. అందరికీ వినపడేటట్ల చెప్పు. ఎట్ల పోయినారో గూడ చెప్పు."

హుసేనప్ప గంట తీశాడు. ఒకసారి మోగించి గొంతెత్తాడు.

"పాలగిరి మద్దిలేటి కొడుకు పెద్ద సుంకన్న! తోడబుట్టినోడు గోడ కట్టంగ గవిలో పోయినోడు! పెద్ద సుంకన్న కొడుకు మద్దిలేటి! నాయన ఎనకాలే పోయిన పసివాడు!"

ముసలివాళ్లు తలపాగాలు తీశారు. మద్దిలేటి మూడు పిడికిళ్ల మన్ను వేసి పక్కకు తప్పుకున్నాడు. సాలమ్మ వంగి మన్ను తీసుకుని, వేయకుండా ఆగింది.

"తాతా, ఆమె పేరు చెప్పలే."

"ఎవరి పేరు తల్లీ?"

"ఆయప్ప పెండ్లాంది. పిల్లోని తల్లిది."

హుసేనప్ప గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించలేదు, ఎందుకంటే గుర్తు తెచ్చుకోవడానికి ఏమీ లేదు.

"ఆడోళ్ల పేర్లు మేము పట్టుకోమమ్మా. మా నాయన నాకు చెప్పలే. ఆయనకు వాళ్ల నాయన చెప్పలే."

"మనవరాళ్లకు జేజి పేరు పెడతారు గదా. ఎవరికన్నా పెట్టింటారు."

"ఆమెకు మనవరాళ్లు యాడుండారు తల్లీ?"

వాన మళ్లీ సన్నగా మొదలైంది. జనం ఒక్కొక్కరే చేల వైపు కదిలారు. అదను పోతే మళ్లీ రాదు. సాలమ్మ గుంత అంచున మోకాళ్ల మీద కూర్చుని ఉండిపోయింది. చేతిలోని మన్ను తడిసి ముద్దయింది. ఏమని పిలవాలో ఆలోచించింది. మరో దారి తోచలేదు.

"జేజీ," అని, మన్ను వేసింది.